మందిమాట మొదలు

ఎర్ర సిరాతో పేరా చుట్టూ గీత గీసి, పక్కన "ఇవి ఎవరి మాటలు?" అని రాశాను. అప్పటికీ కోపం తీరలేదు. కింద ఇంకో వాక్యం రాశాను, "దీన్ని దొంగతనం అంటారు" అని. ఆ కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టి, చూసుకుని వచ్చే వారం రమ్మన్నాను.

ఆమెకు చూపు లేదు.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. మూడేళ్ళుగా నా దగ్గర పిహెచ్.డి. చేస్తోంది. వరండాలో ఆమె తెల్లకర్ర చప్పుడు వినపడితే తలెత్తకుండానే ఎవరొస్తున్నారో చెప్పగలను. వికలాంగుల హక్కుల గురించి సెమినార్లలో మాట్లాడిన దాన్ని. అయినా కోపం వచ్చేసరికి చెయ్యి అలవాటుగా ఎర్ర పెన్ను మీదికే పోయింది. చూడలేని మనిషికి ఎర్ర గీతలిచ్చి "చూసుకో" అన్నాను.

ఇది 2019 వానాకాలం నాటి మాట. ఆమె అంశం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ గురించి తాము చెప్పుకున్న కథనాలు. రెండో అధ్యాయం చదువుతుంటే ఒక పేరా ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఇంకో నాలుగు వాక్యాలు పోయాక గుర్తుపట్టాను. అవి నావే. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట నేను రాసిన వ్యాసంలోవి. నా పేరు లేదు, పుట సంఖ్య లేదు, కొటేషన్ గుర్తులు లేవు. నా వాక్యాలు ఆమె వాక్యాలై, ఆమె పేరు కింద కూచుని ఉన్నాయి. ఇంకెవరి వాక్యాలైనా అయితే కాస్త నెమ్మదిగా అడిగేదాన్నేమో. నావి కాబట్టి రోషం వచ్చింది. ఇది ఒప్పుకోవాలి.

నాలుగు రోజుల తర్వాత వచ్చింది. హాస్టల్లో రూమ్మేట్ చదివి చెప్పిందట.

"మేడం, ఎర్రగ రాసిన్రంట గద," అంది కూచోకుండానే. "నేను దొంగతనం చెయ్యలె మేడం. అవి మీ మాటలని నాకు ఎరికే. నోట్సుల మీ పేరు గూడ ఉన్నది. కొటేషన్ ఏడ పోయిందో నాకు తెలుస్తలేదు."

నేను వెంటనే నమ్మలేదు. ఆ ముందు ఏడాదే, 2018లో, గ్రంథచౌర్యం మీద యుజిసి నిబంధనలు వచ్చాయి. పోలిక పది శాతం దాకా అయితే ఫరవాలేదు. పది నుంచి నలభై దాకా ఉంటే సవరించి మళ్ళీ ఇవ్వాలి. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఎక్కడ చూసినా అదే చర్చ. పర్యవేక్షకులందరం పోలీసులమయ్యాం. ఇంగ్లీషులో రాసేవాళ్ళని కంప్యూటరు పట్టుకుంటుంది, తెలుగులో రాసేవాళ్ళని మనమే కదా పట్టుకోవాలి అనుకునేవాళ్ళం. నేను కమిటీ ముందు పెట్టి ఉంటే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయినా ఆగిపోయేది.

ల్యాప్‌టాప్ తెరవమన్నాను. నోట్సు ఫైలు తీసింది. నా పేరుంది, వ్యాసం పేరుంది, ఏడాది ఉంది. నా పేరాకి ముందూ వెనకా కొటేషన్ గుర్తులు కూడా ఉన్నాయి, నా కళ్ళకి కనపడుతున్నాయి. "మరి ఉన్నాయి కదా?" అన్నాను. "ఉన్నయా?" అంది. అప్పుడు ఆ పేరాని కంప్యూటరు చేత చదివించింది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా గడగడా చదివింది. కొటేషన్ అన్న మాటే రాలేదు.

ఆమె వాడేది ఎన్‌విడిఎ అనే సాఫ్ట్‌వేరు. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఒక యువకుడు మొదలుపెట్టి అందరికీ ఉచితంగా పంచినది. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదువుతుంది. అయితే విరామచిహ్నాలన్నీ చదివితే చెవి భరించలేదు కదా. అందుకని దానికి మెట్లున్నాయి. ఏమీ చదవకపోవటం, కొన్ని చదవటం, చాలావరకు చదవటం, అన్నీ చదవటం. మనం మార్చకపోతే అది "కొన్ని" దగ్గర ఉంటుంది. ఆ కొన్నిట్లో కొటేషన్ గుర్తు లేదు! అక్షరం వాలుగా ఉందా, లావుగా ఉందా అన్నదీ అడిగితే తప్ప చెప్పదు. ఆమె నోట్సులోంచి అధ్యాయంలోకి వాక్యాలు తెచ్చుకునేటప్పుడు తనకు వినపడిన మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎంచుకుంది. గుర్తులు అటొకటీ ఇటొకటీ నోట్సులోనే ఉండిపోయాయి. ఆ పేరా కింద తన ఆలోచన రాసుకుంది. కొన్ని నెలల తర్వాత విన్నప్పుడు రెండూ ఒకే గొంతుతో వినిపించాయి. నా మాటకీ ఆమె మాటకీ మధ్య గోడ నాకు కనపడుతుంది. ఆమెకు వినపడదు.

నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. ఉటంకింపు అంటే నిజాయితీ అని చెప్పాను. అది చాలావరకు కంటి పని అని ఒక్కసారీ తట్టలేదు. పుట సంఖ్య పేజీ మూల ఉంటుంది, కన్ను చటుక్కున అటు పోయి వస్తుంది. అధోజ్ఞాపిక అంకె మాట నెత్తిన చిన్నగా ఉంటుంది, కన్ను కిందికి దిగి మళ్ళీ పైకి వస్తుంది. పుస్తకం పేరు వాలుగా ఉంటుంది, అది పుస్తకమని కన్ను గుర్తుపడుతుంది. ఇవన్నీ మనం చేస్తున్నామని మనకే తెలియకుండా చేస్తాం. తెలియకుండా చేసేదాన్ని ఎదుటివాళ్ళు చెయ్యకపోతే బద్ధకం అంటాం, లేదా దొంగతనం అంటాం.

హెలెన్ కెల్లర్ కథ మనలో చాలామంది పిల్లలకి చెప్పే ఉంటాం, నీటి పంపు దగ్గర ఆమెకు మాట తెలిసిన ఘట్టం దాకా. ఆ తర్వాతిది ఎందుకో చెప్పం. పదకొండేళ్ళ వయసులో ఆమె "ఫ్రాస్ట్ కింగ్" అనే కథ రాసి, పెర్కిన్స్ అంధుల పాఠశాల డైరెక్టర్ అనాగ్నోస్‌కి పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చువేయించాడు. తీరా చూస్తే మార్గరెట్ కాన్బీ రాసిన "ఫ్రాస్ట్ ఫెయిరీస్" అనే కథకీ దానికీ చాలా పోలికలున్నాయని బయటపడింది. అంతకు మూడేళ్ళ ముందు, 1888లో, ఎవరో ఆ కథని ఆమె అరచేతిలో వేళ్ళతో చదివి వినిపించి ఉంటారు. ఆమెకు ఆ సంగతే గుర్తులేదు. పాఠశాల ఉపాధ్యాయులూ అధికారులూ విచారణకి కూచున్నారు. టీచర్ ఆన్ సలివన్‌ని బయటికి పంపించి, ఆ పిల్లని ఒక్కదాన్నే ప్రశ్నలడిగారు. 1903లో వచ్చిన ఆత్మకథలో కెల్లర్ దీని గురించి చాలా వివరంగా రాసుకుంది. తన ఆలోచనకీ చదివినదానికీ మధ్య సరిహద్దు ఎక్కడో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేనని ఒప్పుకుంది. ఆమె మళ్ళీ కథ రాయలేదట. నేను ఆ పుస్తకం డిగ్రీలో చదివాను. ఆ అధ్యాయమూ చదివే ఉంటాను. నా ఎదురుగా ఈ అమ్మాయి నిలబడేదాకా అది నాకు పనికిరాలేదు.

మేం మొదట చేసింది ఎన్‌విడిఎ చేత అన్ని గుర్తులూ చదివించటం. ఒక పేజీ వినేసరికి ఇద్దరికీ తలనొప్పి. కామా, చుక్క, బ్రాకెట్, మళ్ళీ కామా. వాక్యం ఎక్కడికి పోయిందో తెలియలేదు. చివరికి ఉపాయం ఆమే కనిపెట్టింది. నోట్సులో వేరేవాళ్ళ వాక్యం మొదలయ్యే చోట "మందిమాట మొదలు" అని అక్షరాలా టైపు చేస్తుంది. అయిపోయిన చోట "మందిమాట ఒడిసింది" అని. మధ్యలో రచయిత పేరు, పుట. ఇప్పుడు చెవికి గోడ కట్టినట్టే. అధ్యాయం పూర్తయ్యాక వర్డ్‌లో వెతికి మార్చే కమాండుతో ఆ మాటల స్థానంలో కొటేషన్ గుర్తులు పెడుతుంది. ఎక్కడైనా ఒడిసింది అన్నది మర్చిపోతే మొదలు లెక్కకీ ఒడిసింది లెక్కకీ తేడా వచ్చి దొరికిపోతుంది. తర్వాత చూపున్న నా విద్యార్థులు కూడా కొందరు దీన్ని పట్టుకున్నారు. వాళ్ళ నోట్సులూ అంతకంటే శుభ్రంగా ఏం లేవు మరి.

పుట సంఖ్యల గొడవ ఇంకో రకం. తెలుగు పుస్తకాలు చూపులేనివాళ్ళ చేతికి నేరుగా వచ్చేవి తక్కువ. మన పత్రికలూ పాత సిద్ధాంత గ్రంథాలూ చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. అవి మనకు తెలుగు, కంప్యూటరు గొంతుకి మటుకు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట. అందుకని రూమ్మేట్ ఒక్కో పుస్తకాన్ని ఫోనుతో ఫోటోలు తీసి, గూగుల్ చేత అక్షరాలుగా మార్పించేది. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక ఇలా ప్రతులు చేసుకోవటం నేరం కాదు. చూపులేనివాళ్ళ కోసం 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని మరుసటేడు అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. ఒప్పందం కాగితం మీద బాగానే ఉంది. గదిలో మాత్రం రాత్రి పదకొండింటికి, రెండు పేజీలు పరిచి ఒక్క ఫోటో తీస్తూ ఒక పిల్ల కూచునుంది. ఆ ఒక్క ఫోటోలో 42, 43 రెండూ ఉంటాయి. ఏ వాక్యం ఏ పుటదో ఎలా తెలుస్తుంది? పేజీ నెత్తిన ఉండే పుస్తకం పేరు వాక్యం నడుమకి వచ్చి పడుతుంది. 1946 పక్కన మూడో నంబరు అధోజ్ఞాపిక ఉంటే కంప్యూటరు దాన్ని కలిపేసుకుని పందొమ్మిదివేల నాలుగువందల అరవైమూడు అని చదువుతుంది. "నిజాం ఇంకా ఉన్నడేమో మేడం అప్పటికి," అని నవ్వేది.

ఆ తర్వాత నుంచి ఒక్కో పేజీకి ఒక్కో ఫోటో, ఫైలు పేరే పుట సంఖ్య అని నియమం పెట్టుకున్నారు. పని రెట్టింపయింది. పుట సంఖ్యలే లేని వాటికి ఏం చెయ్యాలన్నది పద్ధతిని బట్టి మారుతుంది. ఎపిఎ వాళ్ళు పేరాలు లెక్కపెట్టుకుని ఆ అంకె ఇవ్వమంటారు. ఎంఎల్ఎ వాళ్ళు, అచ్చులో అంకె లేకపోతే మీరు లెక్కపెట్టకండి అంటారు. నేను ఇన్నాళ్ళూ ఈ రెండిటికీ తేడా కామాల్లోనే ఉందనుకున్నాను.

మా శాఖలో పిహెచ్.డి. అంటే అధ్యాయం చివర అధోజ్ఞాపికలు ఉండాల్సిందే. ఆమెకు అది నరకం. అంకె విని, పదిహేను పేజీలు కిందికి పోయి, అక్కడ "పైదే" అని విని, ఏది పైది అని ఇంకా పైకి పోవాలి. తిరిగొచ్చేసరికి వాక్యం మరిచిపోతుంది. వాక్యంలోనే పేరు, ఏడాది, పుట ఇచ్చే పద్ధతికి అనుమతి అడిగాను. "అందరికీ ఒకటే రూలు ఉండాలి కదండీ," అన్నారొకరు. 2016 చట్టంలో సహేతుకమైన వెసులుబాటు గురించి ఉందని చెప్పాను. అదనపు సమయం, స్క్రైబ్ ఇస్తున్నాం కదా అన్నారు. ఇవి ఆ చట్టంలో పేరు పెట్టి రాసి ఉన్నాయి. అధోజ్ఞాపిక అన్న మాట ఎందుకుంటుంది? మూడు సమావేశాలు పట్టింది. అనుమతి వచ్చాక ఆ కాగితంలో ఆమెని దివ్యాంగ విద్యార్థిని అని రాశారు. చదివి వినిపించాను. "నాకు దివ్యమైంది ఏం లేదు మేడం, చూపు లేదు, గంతే," అంది.

ఇక నేను చేసిన రెండో తప్పు. మొదటిది కోపంతో చేసింది, ఇది ప్రేమతో చేసింది. గ్రంథసూచి గందరగోళంగా ఉందని ఒక ఆదివారమంతా కూచుని మొత్తం నేనే సరిచేసేశాను. అకారాది క్రమం, కామాలు, వాలు అక్షరాలు, అన్నీ. మూడు పుస్తకాలు అనవసరమని తీసేశాను, రెండు నేనే చేర్చాను. సోమవారం ఆమెకు పంపి, ధన్యవాదాల కోసం ఎదురుచూశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "మేడం, వైవాల ఈ రెండు పుస్తకాల గురించి అడిగితే నేనేం చెప్పాలె? గిది నా లిస్టు కాదు మేడం, మీది," అంది. తలకొట్టేసినట్టయింది. తన అనుమతి లేకుండా తన కాగితాల్లో నా మాటలు పెట్టాను. దీన్నేమంటారని ఆమె ఎర్ర సిరాతో అడగలేదు.

అప్పుడు పని పంచుకున్నాం. ఏ పుస్తకం ఉండాలి, ఏది ఎక్కడ చెప్పాలి అన్నది ఆమెది. వరస సమంగా ఉందా, వాలక్షరాలు పడ్డాయా, బ్రాకెట్ ముయ్యటం మర్చిపోయిందా అన్నది నాది. అంతకుమించి ముట్టుకోవాలంటే ముందు అడగాలి. ఇది రాయటం తేలిక. పక్కన కూచుని, ఆమె ఒక పుట సంఖ్య కోసం నలభై నిమిషాలు వెతుకుతుంటే, నా కంటికి అది అక్కడే కనపడుతుంటే, నోరు మూసుకోవటం చాలా కష్టం. కొన్నిసార్లు చెప్పేదాన్ని. కొన్నిసార్లు చెప్పకూడదు కూడా కాదు, ఎందుకంటే నలభై నిమిషాలు ఆమెవి, నా సిద్ధాంతానివి కాదు. ఏది ఎప్పుడన్నది ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు.

జాబితా చేసిపెట్టే జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. తెలుగు పేర్ల దగ్గర వాటికి తెలివి చాలదు. ఇంటిపేరు చివర ఉంటుందనుకుని "అచ్చమాంబ, భండారు" అని తిప్పేస్తాయి. దాన్ని సరిచేస్తుంటే ఆమె అడిగింది, "ఇంతకీ భండారు ఎవరిది మేడం? అత్తగారిదా, అవ్వగారిదా?" అత్తగారిదే. "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసినామె పుట్టింటివాళ్ళు కొమర్రాజువారు, లక్ష్మణరావు తమ్ముడు. "అయితే కొమర్రాజు కింద ఎతికెటోళ్ళకు ఈమె దొరకది," అంది. దొరకదు. చూపున్నవాళ్ళకీ దొరకదు.

ఈ మధ్య సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక అబ్బాయి నా దగ్గరికి వస్తున్నాడు. ఒక్క వేలుతో టైపు చేస్తాడు. ఒక్కో కామాకి ఎంత ఖర్చో అతన్ని చూస్తే తెలుస్తుంది. శ్రమ తగ్గుతుందని కృత్రిమ మేధతో జాబితా చేయించుకొచ్చాడు. అందులో మూడు పుస్తకాలు ప్రపంచంలో ఎక్కడా లేవు. ఉన్నట్టే ఉన్నాయి, ప్రచురణకర్త, ఏడాదితో సహా. అతని కథ వేరే రాయాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టల్ మూసేస్తే ఆమె సూర్యాపేట దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. రూమ్మేట్ లేదు, స్కానింగ్ లేదు. పదో తరగతి దాకా చదువుకుని ఇంట్లో మిషన్ కుట్టే వాళ్ళక్క పుస్తకాలు చదివి ఫోనులో రికార్డు చెయ్యటం మొదలుపెట్టింది. పగలంతా కుట్టుపని, రాత్రి చదవటం. కొన్నిసార్లు రెండూ కలిపి. ఆ ఆడియోలు నేనూ విన్నాను. వెనకాల మిషన్ చప్పుడు వస్తుంటుంది. "మందిమాట మొదలు" అని చెల్లెలు నేర్పినట్టే చెప్తుంది.

పాత సిద్ధాంత గ్రంథాల్లో మగవాళ్ళ కృతజ్ఞతల పేజీలు చూసే ఉంటారు. ప్రతి రాసిపెట్టిన అర్ధాంగి అని ఒక ముక్క ఉంటుంది చివర్న, పేరు కూడా లేకుండా. ఆమె అలా కాదు. ఎవరు ఏ పుస్తకం చదివి వినిపించారో మొదటినుంచీ రాసిపెట్టుకుంది. అనుబంధంగా ఇస్తానంది. ఇచ్చింది కూడా. నాకు చిక్కు వచ్చింది అక్కడ కాదు.

స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదువుతూ అక్క ఒకచోట ఆగిపోయింది. పోరాటం విరమించాక ఆడవాళ్ళని ఇళ్ళకు పొమ్మన్న సంగతి వచ్చే చోట. పుస్తకం పక్కన పెట్టిన చప్పుడు వినిపిస్తుంది. "మా నాయనమ్మ పోనే పోలె. పోనీకి ఇల్లుంటె గద? కాలబెట్టిరి," అని, కాసేపు నాయనమ్మ గురించి చెప్పి, మళ్ళీ చదవటం మొదలుపెట్టింది.

ఆ నాలుగు మాటలూ ఆమె మూడో అధ్యాయంలో వాడుకుంది. వాటి ఆకరం ఎలా చూపాలి? ఎపిఎ ప్రకారం వ్యక్తిగత సంభాషణని వాక్యంలో చెప్తే చాలు, చివరి జాబితాలో చేర్చకూడదు. చదివేవాళ్ళు వెతుక్కుంటే దొరకదు కాబట్టి. అదే చెప్పాను.

"దొరకదని ఎవరన్నరు మేడం? టేపు నా దగ్గరనే ఉన్నది."

2022లో సమర్పించిన ప్రతిలో అక్క పేరు జాబితాలో ఉంది. ఏడాది 2020, ఆడియో, 41వ నిమిషం. అకారాది క్రమంలో ఎక్కడ పెట్టాలో తేలక, ఇంటిపేరు అత్తగారిది పెట్టాలా అవ్వగారిది పెట్టాలా అని నా ముందే అక్కకి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది.

"ఏదన్న పెట్టు గని," అంది అక్క, "మిషన్ సప్పుడు ఇనవడుతుందా అండ్ల?"